అమ్మోరి పెట్టిలో పుస్తకాలు

గోడ మీద ఫొటోలో కళ్లద్దాలాయన ఎవులని అడుగుతన్నావా? కూకో సుధా, సెప్తాను. మన సత్యారావు సయా. సయా అంటే బర్మావోళ్లకి పంతులు గదా, మనమూ అలగే పిలిసీవోళ్లం. ఈ రంగూన్లోనే ఓ కాలేజీలో పాటాలు సెప్పీవోడు గానీ, పానమంతా మన తెలుగు మాట మీదే. సేక్కాన్ రేవులో బస్తాలు మోసీవోళ్ల కాడ, మా వంటింటి గుమ్మం కాడ కూకుని, "దేముడమ్మప్పా, దీన్ని మీయమ్మ ఏటనీది?" అని నన్నడిగి రాసుకునీవోడు. ఓపాలి ఆయనకి సెప్తా సెప్తా పులుసు మాడబెట్టీసినాను. మా అత్త నన్ను తిట్టిన తిట్లు కూడా రాసీసుకున్నాడు.

అప్పుడేమో ఈ దేశం తలుపులేసీసుకుంది. తెలుగు బడులు మూసీసినారు, సంద్రం అటేపు మనూళ్ల నుంచి ఉత్తరం ముక్క రాదు. కాలేజీలో పెద్దోళ్లు "కూలోళ్ల మాటకి పుస్తకమేటి?" అని నవ్వీవోరు. అయినా ఇరవయ్యేళ్లు రాసినాడు, పదకొండు పుస్తకాలు. ఎనభయ్యెనిమిదిలో గొడవలొచ్చినాయి గదా. ఈదుల్లో సర్కారు మీద తిరగబడ్డ కుర్రోళ్లు, ఆళ్లెనకాల సిపాయిల తుపాకులు. ఇళ్లు సోదా సేస్తన్నారని, అరదం కాని రాత కంటబడితే ఏటంటారోనని, అయ్యి అట్టుకెల్లి పజుండౌంగ్ గుల్లో అమ్మోరి సీర్ల పెట్టిలో దాసీసినాడు. పండక్కి తప్ప ఆ పెట్టి ఎవులూ ముట్టుకోరు. తెలివైన పనే. ఒకటే మర్సిపోనాడు, అమ్మోరి పెట్టిలో పెట్టింది అమ్మోరికే. నెమ్మదించినాక అడగడానికెల్తే, గుడిపెద్ద వెంకటరాజు "ఇచ్చింది ఎనక్కడుగుతావేటి సయా, కళ్లు పోతాయి" అనీసినాడు. సయాకి కూడు సయించనేదు.

పండగొచ్చింది. డప్పులు, ఏపాకులు, పసుపునీళ్లు. అంతవరకు ఏనాడూ రానిది, నాకు పూనకం ఒచ్చీసింది. "ఏరా ఎంకటరాజూ, నా బిడ్డల మాటలు నా సీర్ల కింద మూసినావేటి? సదివించు, నాను ఇనాల" అన్నానంట. ఆడు లెంపలేసుకుని తాళం తీసినాడు. సయా గుడి అరుగు మీద కూకుని సదివినాడు. బర్మా మాటే తప్ప రాని కుర్రోళ్లు తమ ముసిల్దాని మాటలిని ఒకటే నవ్వులు. ముసిలోళ్లేమో "ఇది రాయనేదు, అది రాయనేదు" అని ఎగబడ్డారు. మల్లీ పండక్కి పుస్తకాలు పంతొమ్మిది. ఆనక నవ్విన కాలేజీయే అచ్చేసింది, తెలుసా. ఆ రోజు సబలో సయా కొత్త లొంజీ కట్టి, ముందు మన మాటలో మాటాడి, ఆ తరవాతే బర్మాలో సెప్పినాడు. నవ్వినోళ్లే లేసి సప్పట్లు కొట్టినారు. నాను ముందు వరసలో, కాలు మీద కాలేసుకుని. పుస్తకం మొదట్లో "దేముడమ్మప్ప మాడబెట్టిన పులుసుకి" అని అచ్చేయించినాడు. నాకు ఏడుపొచ్చీసింది.

ఏటీ, ఆ పూనకం నిజంగా ఒచ్చిందా అంటావా?

టీ సల్లారిపోతంది, తాగు.