మేడమీదావిడ మెడ

ముప్పై ఏళ్ళ కిందటి ఒక సినిమాకు ముందు జరిగిన కథను సిరీస్‌గా రాస్తున్న అమ్మాయి ఆఫీసు గది. మధ్యాహ్నం. ఎదుటి కుర్చీలో, ఆ సినిమాకు మేకప్ వేసిన పెద్దావిడ.

“అది కాదమ్మా, ఆ పనిమనిషి మీద నీకెందుకంత కోపం? అదొక్కటీ అడిగి పోదామని వచ్చాను.”

“నాకు కోపమేం లేదండీ. ముందు మంచినీళ్ళు తాగండి, మూడంతస్తులు ఎక్కి వచ్చారు.”

“నీళ్ళు తర్వాత. సినిమాలో అది ఎంత నవ్వించేది. ఆ పొగరుబోతు మేడమీదావిడకి జడ వేస్తూ కూనిరాగం తీస్తుంటే హాలు హాలంతా పడీ పడీ నవ్వేది. దాన్ని తీసుకొచ్చి ఇలా చేశావేం?”

“నేను దాన్ని చెడ్డదని ఒక్క ముక్క కూడా రాయలేదు.”

“రాయక్కర్లేదుగా. నీ సిరీస్‌లో మొగుడు మేడమీదావిణ్ణి కొట్టి బయటికెళ్తాడు. ఇది దువ్వెన పట్టుకుని లోపలికొస్తుంది. ఏమీ అడగదు. కింద పడ్డ గాజుముక్కలు ఏరుతుంది, జడ వేస్తుంది, పోతుంది. ఆరు ఎపిసోడ్లు వచ్చాయి, ఆరింటిలోనూ అంతే. ఇంక చెడ్డదని వేరే చెప్పాలా?”

“చూసేవాళ్ళు అలా అనుకుంటున్నారు, నిజమే. నేనూ ఇంతగా అనుకోలేదు.”

“మా ఇంట్లోనే అనుకుంటున్నారు. మా మనవరాలికి ఆ సినిమా అంటే ప్రాణం. ‘మా అమ్మమ్మ పనిచేసిన సినిమా’ అని కాలేజీలో చెప్పుకునేది. నీ సిరీస్ చూశాక స్నేహితురాళ్ళని నలుగుర్ని పిలిచి మళ్ళీ సినిమా పెట్టింది. నన్నూ కూచోబెట్టారు. జడ సీను వచ్చింది. ఒక్కరూ నవ్వలేదమ్మా. అప్పుడు మా మనవరాలు, ‘అన్నీ తెలిసి కూనిరాగాలేంటే అమ్మమ్మా, దీన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది’ అంది. నేను పొయ్యి మీద పాలున్నాయని లేచి వచ్చేశాను.”

“ఆ ఒక్క సీనే కాదండీ. చివర్లో మేడమీదావిడ పెట్టె పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంది చూడండి, అద్దెకున్నవాళ్ళందరూ వరసగా నిలబడి చూస్తుంటే. పీడా పోయిందని అప్పట్లో అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఉత్తరాలు రాస్తున్నారు నాకు. ఆ చప్పట్లు తల్చుకుంటే సిగ్గేస్తోందని.”

“మేడమీదావిడ సంగతి సరే. ఆవిడ మంచిదయింది, సంతోషం. ఈ పనిమనిషిని మాత్రం...”

“మీరు అస్తమానం పనిమనిషి దగ్గరికే వస్తున్నారు.”

“ఎవరో ఒకరు రావాలిగా దాని తరఫున.”

“పనిమనిషి వేషం వేసినావిడ మీకు దగ్గరా?”

“లేదు. ఆవిడ ఎప్పుడో పోయింది.”

“మరి?”

“మరేం లేదు. నీకీ సంగతి ఎవరు చెప్పారు?”

“ఏ సంగతి?”

“చేతుల సంగతి. మేడమీదావిడ పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు తొడుక్కునేదో, ఆ సంగతి.”

“ఎవరూ చెప్పలేదండీ. సినిమాలోనే ఉంది కదా. ఎండాకాలం, కింద వాటాల్లో వాళ్ళంతా విసనకర్రలు పట్టుకుని అల్లాడిపోతుంటారు. ఆవిడొక్కతే మణికట్టు దాకా కప్పుకుని ఉంటుంది. చిన్నప్పుడు చూసి, అబ్బో ఎంత పొగరు అనుకున్నాను. ఎవరు పలకరించినా మెడ తిప్పదు, ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. మా వీధి పిల్లలం మేడమీదావిడ ఆట ఆడేవాళ్ళం, మెడ బిగబట్టుకుని. పెద్దయ్యాక ఒకసారి ఊరికే టీవీలో వస్తుంటే చూశాను. అప్పుడనిపించింది, పొగరున్న మనిషి ఇలా కూచోదు, నొప్పి ఉన్న మనిషి కూచుంటుంది అని. అక్కణ్ణించి అల్లుకుంటూ పోయాను.”

“అల్లుకున్నావు. అంతేనా?”

“అంతే. ఏం?”

“ఏం లేదు. ఆ నీళ్ళు ఇలా ఇవ్వు.”

“ఒక్క గుక్కలో తాగేశారు.”

“మెట్లెక్కాను కదా. మీ లిఫ్టు ఎన్నాళ్ళయింది పాడై?”

“ఆవిడకి నిజంగానే మెడ నొప్పా? మేడమీదావిడ వేషం వేసినావిడకి?”

“మొదటి రోజు మెడ పట్టేసిందంది. నిద్రలో పట్టేసిందంది. తిప్పలేకపోయింది పాపం. ఎవరో పిలిస్తే మనిషి మనిషంతా తిరిగింది. దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ‘అదీ, అదే నాక్కావాలి, సినిమా అంతా అలాగే ఉండాలి’ అన్నాడు. ఆవిడ నవ్వింది. నలభై రోజులు అలాగే ఉంది. అవార్డు దానికే ఇచ్చారు.”

“నిద్రలో పట్టేసిందా?”

“అలా అందని చెప్పాను.”

“మీరు నమ్మారా?”

“నాకు నమ్మడం ఏమిటి, నమ్మకపోవడం ఏమిటి తల్లీ? నాది మొహం పని. సెట్టులో నన్ను పౌడరక్క అని పిలిచేవాళ్ళు. అక్కా ఒక పఫ్ కొట్టు, అక్కా చెమట తుడువు, అంతే. పౌడరక్కని ఎవరేం అడుగుతారు?”

“పొడుగు చేతుల జాకెట్టు ఎవరి ఆలోచన?”

“దర్జీ పొట్టి చేతులే కుట్టి తెచ్చాడు. ఆవిడ తొడుక్కుని అద్దం ముందు నిలబడి, పొడుగు చేతులైతే పాత్రకి బాగుంటుందేమో అంది. అందరూ భలే అన్నారు.”

“పౌడరక్కా. ఆవిడ చేతుల మీద ఏముంది?”

“నువ్వూ అలా పిలుస్తున్నావు.”

“చెప్పండి.”

“స్నానాలగదిలో జారానంది.”

“ఒకసారా?”

“మొదటిసారి అదే అంది. రెండోసారీ అదే అంది. మూడోసారి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కుర్చీలో కూచుని జాకెట్టు పక్కకి లాగేది, ఎక్కడో చూపించేది. నేను మొదలుపెట్టేదాన్ని. నీలంగా కమిలితే దాని మీద ఒంటి రంగు వేస్తే ఆగదు, బూడిద రంగులో పైకి తేలుతుంది. ముందు ఎర్రది పల్చగా అద్దాలి. అది ఆరాక ఒంటి రంగు. నాలుగైదు రోజులకి పచ్చబడుతుంది, అప్పుడు ఎర్రది పనికిరాదు, వేరేది కలపాలి. నేను అంతకు ముందు అలాంటి పని చెయ్యలేదు. చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను. ఆవిడ మీద నేర్చుకున్నాను.”

“ఆవిడ భర్త?”

“ఆయన రోజూ సెట్టుకి వచ్చేవాడు. మేకప్ గది బయట కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. నేను పెట్టె మోసుకుంటూ వస్తే లేచి తలుపు తీసేవాడు. మా పిల్లల పేర్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు, ఒకసారి వాళ్ళకి రంగుపెన్సిళ్ళు తెచ్చిచ్చాడు. అందరూ అనేవాళ్ళు, మొగుడంటే అలా ఉండాలని. నేనూ అన్నాను.”

“ఆవిడ మళ్ళీ ఇంకో సినిమా చెయ్యలేదు.”

“లేదు. రెండేళ్ళకి పోయింది. స్నానాలగదిలో జారిపడిందన్నారు.”

“నేను పేపర్లలో వెతికాను. అనారోగ్యం అని రాశారు.”

“ఏదో ఒకటి రాస్తారు. ఆ రోజు పొద్దున్నే ఆయన మనిషిని పంపాడు నాకోసం. జనం చూడ్డానికి వస్తారు, కాస్త మొహం సరిచెయ్యాలి అని. నేను వెళ్ళాను. పెట్టె పట్టుకునే వెళ్ళాను. ఆయన తలుపు తీసి, ‘ఆమెకి నీ చెయ్యే అలవాటు’ అన్నాడు.”

“వేశారా?”

“వేశాను. చల్లగా ఉంటే రంగు పట్టదు తెలుసా. పట్టే దాకా కూచున్నాను.”

“నేను కల్పించాననుకున్నానండీ. రెండేళ్ళుగా ఈ గదిలో కూచుని నేనే కల్పిస్తున్నాననుకున్నాను. పాత్ర అనుకున్నాను.”

“నీ తప్పేముంది? నువ్వు అప్పటికి మెడ బిగబట్టుకుని వీధిలో ఆడుకుంటున్నావు.”

“ఈ కూచున్న చోటనే రాశాను, మొగుడు తలుపు దగ్గర పేపరు చదువుకుంటాడని. ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలీదు.”

“నాకు తెలుసు. సినిమాలో ఆవిడ మధ్యమధ్య తలుపుకేసి చూస్తుంది. అది పాత్ర చూపు కాదు. సరే, అవన్నీ ఎందుకిప్పుడు. నేను వచ్చిన పని చెప్తా విను. ఇంకా రెండు ఎపిసోడ్లు ఉన్నాయిగా?”

“ఏడోది తియ్యడం అయిపోయింది. ఆఖరిది వచ్చే వారం షూటింగు. ఇంకా దిద్దుతున్నాను.”

“అందులో దానికి ఏదన్నా దారి చూపించు. ఆ పనిమనిషికి. దానికి మాత్రం ఎవరున్నారు చెప్పు? నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. పైగా ఏం తెలుసని విప్పుతుంది? ఆవిడ ఒక్క మాట చెబితే కదా. చెప్పకుండా ఎలా తెలుస్తుంది ఎవరికైనా? కనపడింది కదా అంటావు. కనపడినవన్నీ తెలిసినట్టేనా?”

“కాదు.”

“మరి?”

“మీరు చెప్తుంటే నాకూ అనిపిస్తోంది. నేను బయట నిలబడి రాశాను. దాని పక్కన నిలబడి రాయలేదు.”

“ఆఁ, అదే. పక్కన నిలబడి రాయి.”

“ఒక్క నిమిషం ఉండండి. ఆఖరి ఎపిసోడ్‌లో జడ సీను ఇంకొకటి ఉంది, సినిమా మొదలయ్యే ముందు రోజు. అక్కడ ఇద్దరూ మాట్లాడుకోరు. మాట్లాడుకుంటే?”

“ఏమని?”

“ఆవిడే మాట్లాడుతుంది. దానితో. నాలుగు మాటలు చాలు. ఇప్పుడే రాస్తాను, మీరు విని చెప్పండి.”

“రాయి. నేను కూచుంటాలే. నాకు తొందరేం లేదు.”

“చదవనా?”

“ఊఁ.”

“పనిమనిషి జడ అల్లుతుంటుంది. మేడమీదావిడ అద్దంలో దాన్ని చూస్తూ అంటుంది: ‘వీళ్ళంతా రేపు నిన్ను ఏదో ఒకటి అంటారే. పట్టించుకోకు. నేను నీకెప్పుడూ ఏమీ చెప్పలేదు. సాయం కావాలని ఒక్కనాడూ అడగలేదు. అడిగుంటే నువ్వు చేసేదానివి. నాకు తెలుసు.’ అంతే. పనిమనిషి తల వంచుకుని జడ అల్లుతూనే ఉంటుంది. మీ మనవరాలు కూడా దీంతో మెత్తబడుతుంది చూడండి. ఎలా ఉంది?”

“బాగుంది.”

“నిజంగానా?”

“బాగుంది తల్లీ. చల్లగా ఉండు. ఇంక నే వెళ్తాను.”

“కిందదాకా వస్తాను, పదండి. సంచి ఇలా ఇవ్వండి.”

“ఆ చివరి ముక్క ఇంకోసారి చదువు.”

“‘అడిగుంటే నువ్వు చేసేదానివి. నాకు తెలుసు.’”

“అది కొట్టెయ్యి.”

“ఏది, ‘నాకు తెలుసు’ అన్నదా?”

“మొత్తం కొట్టెయ్యి. ఆవిడ నోట ఆ మాట పెట్టకు.”

“ఎందుకండీ? ఇప్పుడే కదా బాగుందన్నారు.”

“అడిగింది.”

“ఎవరు?”

“ఆవిడే. నన్నే అడిగింది.”

“కూచోండి. కూచుని చెప్పండి.”

“నిలబడే చెప్తాను. ఆఖరి రోజు షూటింగు. పెట్టె పట్టుకుని మెట్లు దిగే సీను. దగ్గర్నించి తీస్తారు, అంతా మొహం మీదే అని ముందే చెప్పారు. పొద్దున్నే వచ్చి కుర్చీలో కూచుంది. చెంగు తీసింది. ఇక్కడ, చెవి కిందనించి గొంతు దాకా, నాలుగు వేళ్ళూ నాలుగు చారలు. విడివిడిగా. అప్పటిదాకా అలాంటిది చూడలేదు నేను. స్పాంజి తడుపుతున్నాను. నా మణికట్టు పట్టుకుంది. అద్దంలో నాకేసి చూస్తూ, ‘ఇవాళ వెయ్యకు. ఇలాగే కిందికి వెళ్తాను. అందరూ ఒక్కసారి చూడనీ’ అంది.”

“అలా అందా?”

“అంది. మెల్లిగానే అంది. తలుపవతల పేపరు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. కింద డెబ్భై మంది ఎదురుచూస్తున్నారు. దర్శకుడు అప్పటికి రెండుసార్లు కబురుపెట్టాడు. నేను, ‘సినిమా పాడైపోతుంది మేడమ్’ అన్నాను.”

“ఆవిడేమంది?”

“నా చెయ్యి వదిలేసింది. గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంది, నాకు వీలుగా ఉండాలని.”

“మీరు...”

“ఆ మెట్ల సీను నువ్వు ఎన్నిసార్లు చూసుంటావు?”

“లెక్కలేదు. ఒక్కొక్క ఫ్రేమూ ఆపి ఆపి చూశాను.”

“మెడ మీద ఏమన్నా కనపడిందా?”