ఎత్తిన చేతులు

పొద్దున అసెంబ్లీ ముగియగానే హెడ్మాస్టరు పదో తరగతి టీచరమ్మను తన గదికి పిలిచి, తలుపు తనే దగ్గరగా వేశారు. ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుందని ఆమెకు గుర్తొచ్చింది.

“లైబ్రేరియన్ గారు సొంత ఇష్టంతోనే మానేశారని నేను చెప్పగానే, మీ క్లాసంతా చేతులెత్తిందేంటమ్మా?”

“నాటకం పాఠం నడుస్తోంది సార్. ఏ పాత్రైనా చేదు సంగతికి చక్కెర పూసి చెబితే చేయెత్తమన్నాను.”

“నేను పాత్రనా?”

“వాళ్లకి అలవాటైపోయింది సార్.”

“ఎవరూ నూరిపోయకుండానే?”

“ఆవిడ ఏడుస్తూ గేటు దాటడం పిల్లలు చూశారు సార్.”

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. ఉన్నట్టుండి గొంతు మెత్తబడింది.

“మీరు బాగా అలిసిపోయినట్టున్నారు. కొన్నాళ్లు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.”

ఆమె మెల్లగా చేయెత్తింది.