పద్దెనిమిది పెట్టెల పీతలు

విశాఖపట్నం విమానాశ్రయంలో సరుకు బుక్ చేసే కౌంటరు. ఉదయం తొమ్మిది గంటలు. కిటికీకి ఇవతల పీతల వ్యాపారి గవర్రాజు, అవతల గుమాస్తా నీలిమ.

“లేటంటే ఎంత లేటు? గంటా, రెండు గంటలా?”

“లేటు కాదు గవర్రాజు గారూ. రాదు.”

“ఇయ్యాల రాదా?”

“ఇవాళ రాదు.”

“మరి రేపు?”

“మీరు ముందు ఆ పెట్టెలు నీడలో పెట్టించండి. ఎండ పడుతోంది.”

“పెట్టెల సంగతి నాను సూసుకుంటాను. రేపొత్తాదా రాదా, అది సెప్పు.”

“రాదండి. ఇంకెప్పుడూ రాదు. చెన్నై విమానం నిన్నటితో ఆపేశారు.”

“ఆపీసారా? నిండుగానే ఎల్తంది కదమ్మా! మొన్న మా తోడల్లుడు ఎల్తానంటే టిక్కెట్టే దొరకలేదు.”

“జనం లేక కాదండి. పన్ను. విమానం నూనె మీద మన దగ్గరున్న రాయితీ గడువు అయిపోయింది. పక్క రాష్ట్రంలోనేమో పన్ను తగ్గించారు. కంపెనీవాళ్లు లెక్క చూసుకుని విమానాన్ని అక్కడికి మార్చేశారు.”

“నాను పంపీది పీతలమ్మా. నూనె కాదు.”

“తెలుసండి.”

“మరి ఆ పన్నుకీ నా పీతలకీ ఏటి సమ్మందం?”

“ఏం చెప్పమంటారు?”

“సరే. ఇంకో కంపెనీ ఇమానంలో ఎక్కించు.”

“అడిగానండి. వాళ్లు ప్రాణమున్న సరుకు తీసుకోరు.”

“పోనీ నానే టిక్కెట్టు కొనుక్కుంటాను. ఒక్క పెట్టైనా ఒళ్లో ఎట్టుకుని—”

“ఎక్కనివ్వరు బాబాయ్.”

“ఇప్పుడు బాబాయ్‌నయ్యానా? ఇందాకట్నించీ గారూ గారూ అంటన్నావ్.”

“కౌంటర్లో అలాగే అనాలి. పైన కెమెరా ఉంది.”

“రైలుకేస్తే?”

“రేపు పొద్దున్న దిగుతాయి. చెన్నైలో వాటిని ఎక్కించే సింగపూర్ విమానం ఇవాళ సాయంత్రమే కదా.”

“నీళ్లలోంచి తీసి ఇప్పటికే రెండ్రోజులయింది. ఈ ఎండకి రైల్లో సగం సత్తాయి. సచ్చిన పీతని ఎవడు కొంటాడు? పద్దెనిమిది పెట్టెలమ్మా! మీ యమ్మ పైడితల్లి తెల్లారకముందే ఒచ్చి పీతల కాళ్లు కట్టడానికి కూకుంది. ఒక్క కాలు ఇరగనియ్యదు. నా సెడ్డులో పన్నెండు మంది ఆడోళ్లుంటే, ఆ సెయ్యి ఇంకెవర్తికీ రాదు.”

“తెలుసు.”

“నీకెప్పుడు తెలిసింది?”

“అమ్మ సంగతా?”

“ఇమానం సంగతి.”

“నిన్న.”

“నిన్నెప్పుడు?”

“నిన్న కాదు బాబాయ్. పది రోజులయింది.”

“పది రోజులా!”

“బయట సెప్పొద్దన్నారు. సెప్పినోళ్లని తీసేత్తామన్నారు.”

“నాకంటే సెప్పలేదు. మీ యమ్మకో?”

“అమ్మకి సెప్తే నీకు సెప్పదా? పొద్దున్న తను సెడ్డుకి ఎల్తంటే గుమ్మంలో నిలబడ్డాను. సద్ది కట్టిచ్చాను. సెప్పకుండానే పంపీసాను.”

“నోరు మూసుకున్నావ్ కదా, ఉజ్జోగం నిలబడిందా మరి?”

“నెలాఖరు దాకా. తరవాత ఈ కౌంటరే ఉండదు.”

“ఈ ఉజ్జోగానికే కదా మీ యమ్మ నిన్ను ద్వారకా నగర్‌లో కోచింగుకి పంపింది.”

“ఊఁ.”

“ఏడవకు. కెమెరా ఉందన్నావ్. మీ సార్ ఏడీ? నాను మాటాడతాను.”

“నిన్నటి ఆఖరి విమానంలోనే ఎల్లిపోయారు. పక్క రాష్ట్రంలో ఆఫీసు తెరవాలంట.”

“మరి ఎవుర్ని అడగాల?”

“తెలీదు బాబాయ్. నన్నూ చాలామంది అడుగుతున్నారు. ఈ పెట్టెలు ఏటి సేత్తావ్?”

“ఉప్పుటేట్లో ఒదిలేత్తాను. బతికినన్ని బతుకుతాయి. అయితే కాళ్ల కట్లు ఇప్పాల. పొద్దున్న కట్టినోళ్లనే కూకోబెట్టి ఇప్పించాల. ఏటని సెప్పను వాళ్లకి?”

“ఫోన్ మోగతంది నీది.”

“మన సరుకు కొనే సెన్నై షావుకారు. ఆఁ, గవర్రాజునే సార్. ఔను, ఎయిర్‌పోర్టులోనే ఉన్నాను. మీకూ తెలుసా? ఎప్పట్నించి? ఓహో. లేదు సార్, కోపమేటి. సోమవారం నుంచా? ఎన్ని రోజులకి? అలగే. అలగే సార్.”

“ఏటంటన్నాడు?”

“ఇయ్యాల్టి సరుకు ఒద్దంట. మరింక మనకాడ కొనడంట.”

“మరి ఆయనకి పీతలో?”

“పక్క రాష్ట్రంలోనూ ఉప్పుటేర్లున్నాయి కదా. ఇమానం ఎటెల్తే సరుకు అటే. సోమవారం అక్కడ సెడ్డు తెరుత్తన్నాడు.”

“అంత తొందరగానా?”

“అన్నీ కుదిరాయంట. అక్కడి ఆడోళ్లకి పీత కాళ్లు కట్టడమే రాదంట. నేర్పడానికి ఓ వారం మీ యమ్మని పంపమన్నాడు.”

“నువ్వేటన్నావ్?”

“ఇన్నావు కదమ్మా. అలగే అన్నాను.”