మూత రావడం లేదండీ

ఇదిగో, ఇవాళ కూడా అంతే. రావడం లేదండీ. పైనుంచి నొక్కాను, పక్కనుంచి పీకాను, ఆఖరికి పళ్ళతో కూడా పట్టి చూశాను. హోటలు అన్నం డబ్బా తెరవడం మనిషి పళ్ళతో చెయ్యాల్సిన పనేనా? ఎవడు చేశాడో గానీ ఈ మూతని, వాడి చేతులు పడిపోను.

వాడు నేనే అనుకోండి. అయినా తిట్టుకోవడానికంటూ ఒకడుండాలి కదా.

లేవకండి, లేవకండి. మీ కుట్టుపని కానివ్వండి. నోట్లో ఆ గుండుసూదులు కూడా తియ్యకండి, జవాబు చెప్పాల్సినంత మాటలేం కావు నావి. ఎదురింటివాడు రోజూ సాయంత్రం ఏడింటికి తలుపు కొడితే విసుక్కోకుండా మూత తీసి పంపిస్తున్నారు. దాని మీద మళ్ళీ మాట కూడా కావాలంటే దురాశ.

డబ్బా ఈ చివర పెడతాను. ఆ నీలం గుడ్డకి దూరంగానే పెడతాన్లెండి. నర్సుల యూనిఫారాలా? అబ్బో, ఇన్నా.

ఆ కుర్చీలో గుడ్డలు తీసి కూర్చోనా? మీ ఇంట్లో రెండో కుర్చీలో ఎప్పుడు చూసినా గుడ్డలే కూర్చునుంటాయి. ఐదు నిమిషాలు, అంతే. ఇవాళ చెప్పాల్సిన మాట ఒకటుంది. నిలబడి చెబుదామంటే నా కాళ్ళు తలుపు వైపు చూస్తాయి.

నా ఉద్యోగం సంగతి మీకు సరిగ్గా చెప్పలేదు. డబ్బాల కంపెనీ అన్నాను, మీరు 'ఊఁ' అన్నారు, అక్కడితో సరి. నేను చేసేది డబ్బా కాదండీ, మూత. డబ్బా ఎవడైనా చేస్తాడు, గుంట ఉంటే డబ్బానే. అందులో పోసింది బండి మీద, గతుకుల్లో, తలకిందులై, హోటలు నించి ఇంటిదాకా చుక్క కారకుండా చేరాలంటే మూత కావాలి.

అలాగని నేనేం ఇంజనీర్ని కాదు. పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో. మిషనులోంచి దిగిన మూతలు ఏరే పనికి చేరాను. వంకరవి ఇటు, మంచివి అటు. పదకొండేళ్ళు వంకర మూతలు ఏరితే గాడిదకైనా మూత అంటే ఏమిటో తెలుస్తుంది. ఓ రోజు ఆ వంకర ఎక్కడ మొదలవుతోందో సిగరెట్టు పెట్టె వెనకాల బొమ్మ గీసి చూపించాను. అప్పట్నించీ బొమ్మలు గీసేవాడి కుర్చీ నాకిచ్చారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాన్ని మాత్రం సరిచెయ్యడం నా వల్ల కాలేదు.

మొత్తం ముప్పై ఏళ్ళు. ఇన్నేళ్ళు తల బద్దలుకొట్టుకుని నేను చేసిన వస్తువు ఆయుష్షు ఎంతో తెలుసాండీ? అరగంట. హోటల్లో పెడతారు, ఇంట్లో తీస్తారు, చెత్తబుట్టలో వేస్తారు. మీలాంటివాళ్ళు కుట్టిన ఈ చొక్కా నాలుగేళ్ళ నించి తొడుగుతున్నాను.

ఈ మూత మాత్రం నా ఘనకార్యం. రెండేళ్ళ కిందట మా మేనేజరు పిలిచి, "సూప్ కారుతోందని గోల. ఇంకో చుక్క కారితే నీ కుర్చీ కూడా కారిపోతుంది" అన్నాడు. జోకు వేశాననుకున్నాడు. నేనూ నవ్వాను, జీతం ఇచ్చేవాడి జోకు కదా.

కారని మూత చేశాను. అంచు చుట్టూ ఒక గాడి కాదు, రెండు. మరిగే నీళ్ళు పోసి తలకిందులుగా వేలాడదీశాం. నడుమెత్తు నించి జారవిడిచాం. ఊగే బల్ల మీద అరగంట ఊపాం. ఒక్క చుక్క కారలేదు. మేనేజరు నా భుజం తట్టాడు. ఆ చొక్కా రెండు రోజులు ఉతకలేదు నేను.

తరవాత ఉత్తరాలు మొదలయ్యాయి. కారడం లేదు, నిజమే. రావడం కూడా లేదు.

అవన్నీ నా బల్ల మీదికే పంపుతారు, ఎవరి పాపం వారి దగ్గరికి. ఒకాయన రాశాడు, "విసుగొచ్చి మూతతో సహా కుక్క ముందు పెట్టాను, అది నా మొహం చూసింది" అని. ఒకావిడ, "పాతికేళ్ళకైనా మా ఆయన చేత ఒక నిజం కక్కించాను గానీ, మీ మూత లేపలేకపోయాను" అని. ఆఫీసులో అందరికీ చదివి వినిపించి, అందరికంటే ముందు నేనే నవ్వాను.

మేనేజరు మళ్ళీ పిలిచాడు. "పట్టు తగ్గకూడదు. తేలిగ్గా రావాలి." కోడలు గడుసుగా ఉండాలి, నోరెత్తకూడదు అన్నట్టు.

సరిగ్గా ఆ వారమేనండీ, మొదటిసారి మీ తలుపు కొట్టింది. ఏడు నెలలైంది.

ఆ రోజు నిజంగానే రాలేదు, ఒట్టు. నేను చేసిన మూత ముందు నేనే ఓడిపోయి, అన్నం చేతిలో పెట్టుకుని ఆకలితో నిలబడ్డాను. మీరు తలెత్తలేదు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఆ ఇత్తడి టోపీ అంచు దూర్చి, టప్ మని లేపేశారు. లేపి, "చల్లారకముందే తినండి" అన్నారు.

అంతే అన్నారు.

ఎదురుగా నిలబడి నన్ను తినమని ఒక మనిషి చెప్పి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. మా అక్క ఆదివారాలు ఫోను చేస్తుంది. 'తిన్నావా' అంటుంది, 'తిన్నాను' అంటాను. పొద్దున్న ఆరింటికి చేసినా అదే ప్రశ్న, అదే జవాబు. మా ఆవిడ వెళ్ళిపోయి పద్నాలుగేళ్ళు. గొడవేం లేదండీ. "మీతో ఉన్నా ఒక్కదాన్నే, విడిగా ఉన్నా ఒక్కదాన్నే. విడిగా అయితే ఊడ్చుకునే గది ఒక్కటే" అంది. నిజం చెప్పొద్దూ, లెక్క సరిగ్గానే ఉంది.

మర్నాడు కూడా వచ్చాను కదా. నిజానికి ఆ రోజు మూత వచ్చిందండీ.

నా గదిలోనే వచ్చింది. చేసినవాణ్ణి, కిటుకు తెలీదా? అవతలి వైపు కాస్త నొక్కిపట్టి, ఇటు బొటనవేలితో తొయ్యాలి. తీశాను. అన్నం, కూర కనిపించాయి. కాసేపు వాటిని చూశాను, అవి నన్ను చూశాయి. మళ్ళీ మూత పెట్టి, చుట్టూ నొక్కి, మీ తలుపు కొట్టాను.

ఆ పైన రోజూ అంతే. తీసి, పెట్టి, నొక్కి, కొట్టడం. అలా చూడకండి. దొంగతనానికి కూడా ఇంత శ్రమ ఉండదు.

ఇది చిన్న పాపం. అసలుది వేరే ఉంది.

మూడో నెలలో నా చొక్కా గుండీ ఊడిందని వచ్చాను, గుర్తుందా? ఊడలేదు, నేనే లాగాను. రోజూ ఒక్క నెపమే అయితే బావుండదని. మీరు గుండీకీ గుడ్డకీ మధ్య అగ్గిపుల్ల అడ్డం పెట్టి కుట్టారు. పుల్ల లాగేసి, కింద దారం నాలుగు చుట్లు చుట్టారు. అదెందుకని అడిగితే, "అతికించినట్టు కుడితే గుండీ ఉండడం ఉంటుంది గానీ, పెట్టుకోలేరు, తీసుకోలేరు. కింద గోరు దూరేంత సందు ఉండాలి" అన్నారు. ఏడు నెలల్లో మీరు నాతో మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

గదికి వెళ్ళి అన్నం తినలేదు ఆ రోజు. ఒక మూత అంచుని స్టవ్ మీద వెచ్చచేసి, ఒకే ఒక్క చోట గోరు దూరేంత పైకి లేపాను. అక్కడ మట్టుకు రెండో గాడి చెరిపేశాను. నీళ్ళు పోసి తలకిందులు చేశాను, కారలేదు. చిటికెన వేలు పెట్టి ఎత్తాను. వచ్చేసింది. మాట వినే పిల్లలా వచ్చేసిందండీ.

పది నిమిషాలు సంతోషించాను. పదకొండో నిమిషంలో బుర్ర పనిచేసింది. ఈ మూత బజార్లోకి వస్తే, ఏడింటికి నేనెక్కడికి వెళ్ళాలి?

బొమ్మ గీయడమైతే గీశాను. ఆఫీసుకి తీసుకెళ్ళాను కూడా. నాలుగు మడతలు పెట్టి, నా కుర్చీ పొట్టి కాలి కింద పెట్టాను. ఇన్నేళ్ళకి ఆ కుర్చీ కదలకుండా నిలబడింది. మేనేజరు వారానికోసారి వచ్చి "ఏమైందయ్యా" అనేవాడు. "చూస్తున్నానండీ" అనేవాణ్ణి. ఓసారి ఆ కుర్చీలోనే కూర్చుని మరీ అడిగాడు.

నాలుగు నెలలు అలా గడిచిపోయాయి.

ఇవాళ ఇంకో ఉత్తరం వచ్చింది. జేబులోనే ఉంది, తియ్యను. ఒకావిడది. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి పక్కింటివాళ్ళ చేత రాయిస్తున్నానంది. ఒక్కతే ఉంటుందట. మూడు వారాల కిందట సూప్ డబ్బా మూత రాకపోతే, ఒళ్ళో పెట్టుకుని గట్టిగా లాగింది. ఒక్కసారిగా ఊడొచ్చి మోచేతి దాకా కాలిపోయింది.

తిట్టలేదండీ. ఒక్క తిట్టు కూడా లేదు. "ఎవరినైనా తీసిపెట్టమని అడగాల్సింది. ఇంత చిన్నపనికి పక్కింటి తలుపు ఏం కొడతాంలే అని మొహమాటపడ్డాను" అని రాయించింది.

ఇది ఆఫీసులో చదివి వినిపించలేదు.

బొమ్మ ఇస్తే అచ్చు తయారవడానికి రెండు నెలలు. అప్పుడే ఇచ్చుంటే, ఆవిడ ఒళ్ళోకి కొత్త మూతే వచ్చేది. ఎన్నిసార్లు వేళ్ళు మడిచినా అదే లెక్క తేలుతోంది. నేను మీ తలుపు కొట్టడం కోసం ఆవిడ చెయ్యి కాలింది.

రేపు పదింటికి బొమ్మ ఇచ్చేస్తాను. ఎన్నాళ్ళ నించి ఎక్కడుందో కూడా చెప్పేస్తాను. కుర్చీ పోతే పోనివ్వండి, ఎలాగూ రేపట్నించి అది మళ్ళీ ఊగుతుంది. ముందు మీకు చెప్పకుండా అక్కడ చెప్పబుద్ధి కాలేదు. ఆ గోరు దూరే సందు మీది కదా.

అదేంటి, సూదులు తీసేస్తున్నారు? ఏమన్నారు?

తెలుసా?

ఏం తెలుసు? ఆవిడ సంగతి మీకెలా... ఓహో, మూత వచ్చే సంగతా. ఎప్పట్నించి?

అన్నంలో చెంచా గుర్తా. అయ్యయ్యో. మొదటి నెల్లోనే. ఆ రోజు మీ దగ్గర ఎవరో కొలతలు ఇస్తున్నారండీ. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాలి, ఆకలి ఆగలేదు. రెండంటే రెండు చెంచాలు తిన్నాను. పైన చదును చేశాననే అనుకున్నాను. చూశారా, దొంగపని కూడా సరిగ్గా చేతకాదు.

మరి తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు తీసిపెట్టారండీ?

సూదులు మళ్ళీ నోట్లో పెట్టేసుకున్నారు. సరే, అడగను.

పోనీ ఇవాళ నేనే తీస్తాను, మీ ఎదురుగా. చూడండి. అవతల ఇలా నొక్కి, ఇటు బొటనవేలితో...

ఉండండి.

రావడం లేదు. నిజంగానండీ. ఇంతసేపు మాటలు చెబుతూ కూర్చున్నానా, చల్లారిపోయింది. లోపలి ఆవిరి చల్లారితే మూతని గుంజి పట్టేస్తుంది, మొదటి రోజు సగం చల్లారినప్పుడే పట్టేసింది. ఇది నాటకం కాదు. ఏడు నెలలు రాదు రాదు అన్నవాణ్ణి, ఇవాళ నిజంగా రాదంటే ఎవరు నమ్ముతారు లెండి.

ఇదేంటి, టోపీ నాకిస్తున్నారు? తీసుకెళ్ళి మూత నన్నే తీసుకోమనా? సరే. రేపు ఏడింటికి తెచ్చిచ్చేస్తాను...

అక్కర్లేదా. మీకు ఇంకోటి ఉందా.

ఓ. మంచిది. అదీ నయమే.

నా బొటనవేలికి పట్టడం లేదిది. చిటికెన వేలికి సరిపోయింది. వస్తానండీ. లేవకండి, కుర్చీలో గుడ్డలు ఎలా ఉన్నవో అలా పెట్టేశాను. తలుపు నేనే వేసుకెళ్తాను.

ఏమిటీ? పూర్తిగా వెయ్యొద్దా? ఉక్కపోతగా ఉందా. ఇన్నాళ్ళూ వేసే వెళ్ళాను కదండీ, ఎప్పుడూ అనలేదు మీరు.

ఎంత సందు ఉంచమంటారు?

సరే. అంతే ఉంచుతాను.