ఫుకెట్ దర్శనం

చెన్నై నుంచి వస్తున్న రైలు సింగరాయకొండ దాటింది. ఎదురెదురు సీట్లలో కూర్చున్న భార్యాభర్తలిద్దరి మొహాలూ ఎండకి కమిలిపోయి ఉన్నాయి.

"ఆ కంపెనీ టోపీ తీసి బ్యాగులో పెట్టు. ఊళ్లో ఎవరడిగినా తిరుపతి వెళ్లొచ్చామనే చెప్పు."

"థాయ్‌లాండ్ వెళ్లి ఫుకెట్ చూశామంటే ఏమవుతుంది?"

"పురుగుమందుల కొట్టువాడికి ఫుకెట్ ఎవరు చూపించారని అడుగుతారు. మిరప మందు అందరికంటే ఎక్కువ అమ్మినందుకు కంపెనీవాళ్లే తీసుకెళ్లారని ఈ ఏడు చెప్పగలమా?"

"ఆ మందుకి పురుగు చావట్లేదని మీకెప్పుడు తెలిసింది?"

"టార్గెట్‌కి ఇంకా నలభై పెట్టెలు అమ్మాల్సి ఉండగా."

"మా అన్నయ్య తీసుకెళ్లింది అంతకు ముందా, తర్వాతా?"

"నేను బలవంతం చెయ్యలేదు. అడిగాడు, ఇచ్చాను."

"మొన్న బీచ్‌లో ఉండగా ఫోన్ చేశాడు. మూడున్నర ఎకరాల మిరప తోటలో మూడెకరాలు దున్నించేశాడట."

"ఎక్కడున్నామని చెప్పావు?"

"మీరు నేర్పిందే చెప్పాను. అలల చప్పుడు విని, క్యూలో జనం బాగా ఉన్నట్టున్నారమ్మా అన్నాడు."

"నా గురించి ఏమైనా అన్నాడా?"

"బావ మందు ఇవ్వబట్టే చివరి అరెకరమైనా నిలబడిందట. బావ చల్లగా ఉండాలని తన పేరున దణ్ణం పెట్టుకోమన్నాడు."

"పెట్టుకున్నావా?"

"అప్పుడే ఇసకలో వేసిన స్టేజీ మీద మీకు శాలువా కప్పుతున్నారు. ఫోన్ పెట్టేసి, అందరితోపాటు చప్పట్లు కొట్టాను."