నాగులమ్మ నేర్చుకున్న గుణింతాలు

రా బిందూ, ఇట్ట చాప మీద కూర్చో. మీ అమ్మమ్మ నాగులమ్మ సంగతా? ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటె, నువ్వెరగవులే. నాకు చెల్లెలి వరస. ఇద్దరిదీ చిల్లకూరు పక్కన ఒకే ఊరు, ఒకే బడి. నేను రెండో ఎక్కం దగ్గర తడుముకుంటా ఉంటే ఆ పిల్ల పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పేది. ఐదు దాకా చదివింది. పెళ్లై ఈ మైపాడొస్తే అత్తగారింట్లో ఎవురికీ అక్షరం ముక్క రాదు. కోడలు చదివితే మొగుడికి చిన్నతనం అనిందంట అత్త. అంతే, చదువొచ్చిన సంగతే మూసిపెట్టి చేపల తట్ట నెత్తికెత్తుకునింది. సంతకం అంటే వేలిముద్రే. ఆ కిటికీ తీ, గాలొస్తది... ఆఁ, తర్వాత నేను ఈడ హైస్కూలుకి అటెండరుగా వచ్చినా. మీ అమ్మ ఆనందకుమారి అప్పుడు ఎనిమిదో తరగతి. వెనక బెంచీలో గోడకి అతుక్కొని ఉండేది. చేపల వాసనని పక్క పిల్లలు ముక్కు మూసుకునేవోళ్లు. చెప్పలేదా నీకు? చెప్పదులే. లెక్కల్లో పదకొండు మార్కులు. ఒకరోజు పుస్తకాలు నా చేతిలో పెట్టి, మా ఇంట్లో వేలిముద్ర దాటినోళ్లే లేరు మామా, నాకు మాత్రం యాడొస్తది, రేపట్నించి అమ్మతో తట్టకి పోతా అనింది.

నాకు మనసొప్పక నాగులమ్మ దగ్గరికి పోయినా. నీకు చదువొచ్చని చెప్పు మేయ్, పిల్లకి ధైర్యం వస్తది అన్నా. ఆమె చేప తోముతానే ఆలోచించింది. "ఇప్పుడు చెప్తే, అమ్మకొచ్చింది నాకు రాలేదే అని ఇంకా కుంగిపోతది పెంచలన్నా. దాన్నే నాకు పంతులమ్మని చేస్తా. నువ్వు నోరు మెదపొద్దు" అనింది. ఆ సాయంత్రమే పలక కొనుక్కొని కూతురి ముందు కూర్చునింది, వేలిముద్ర ఏసేదానికి సిగ్గుగా ఉంది, నేర్పించు అని. ఏం నాటకం అనుకున్నావ్! దీర్ఘం తిరగేసి పెట్టేది, కూడికలు, వడ్డీ లెక్కలు కావాలనే తప్పు చేసేది. మీ అమ్మ విసుక్కునేది, మళ్లా చెప్పేది. చెప్పాలంటే ముందు తనకి రావాల గదా, అందుకని మధ్యాన్నాలు అయ్యవారి ముందర నిలబడి అడిగి మరీ నేర్చుకునేది. నెల తిరిగేలోపల రెండో బెంచీకొచ్చేసింది, చూడు. చుట్టుపక్కల ఆడోళ్లు కూడా నలుగురు పలకలు పట్టుకొని మీ అమ్మ దగ్గర చేరినారు.

ఏడాది పరీక్షల్లో లెక్కల్లో డెబ్బై ఎనిమిది! ఉండబట్టలేక ప్రోగ్రెస్ కార్డు నేనే ఇంటికి మోసుకుపోయినా. నాగులమ్మ నవ్వింది, ఏడ్చింది, నా జేబులో పెన్ను లాక్కొని, ఆ సంతోషంలో ఒళ్లు మరిచి, ఇంటిపేరుతో సహా ఒక్క ఊపులో గొలుసుకట్టుగా సంతకం పెట్టేసింది. అయిపాయె, నాటకం బయటపడిందే అనుకున్నా. మీ అమ్మ ఆ సంతకం చూసింది, వాళ్లమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది. కార్డు సంచిలో పెట్టుకొని, పలక తుడిచి, "రామ్మా, నిన్న 'ఖ' గుణింతంలో తప్పు చేస్తివే, మళ్లా రాద్దాం" అనింది. నాగులమ్మ బుద్ధిగా పోయి కూర్చునింది. మీ అమ్మ పది పాసయ్యిందాకా ఇద్దరూ అట్నే...

సరే, బస్సొచ్చినట్టుంది. మీ అమ్మ దిగతాది, పోయి టీకి నీళ్లు పెట్టు.