డబ్బాల మీద కప్పిన దుప్పటి

నా పేరు మాకెలెబోనే. వయసు 51 ఏళ్ళు. భర్త చనిపోయాడు. నివాసం మోఖోట్లాంగ్ జిల్లా, హా మొసెలే గ్రామం. ఊరి పైనున్న మందు నూనె ఫ్యాక్టరీలో నాలుగేళ్ళుగా కూలికి పోతున్నాను. మత్తు లేని రకం గంజాయి పువ్వులోంచి మూర్ఛ రోగులకు వాడే నూనె అక్కడ తీస్తాం. నన్నెవరూ పంపలేదు. ఈ రోజు, జూలై 15 బుధవారం, ఉదయం 7 గంటలకు నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను.

మా అమ్మమ్మ ఈ మొక్కను మొక్కజొన్న చేలో దాచి పెంచింది. పువ్వు కోతకొచ్చిందో లేదో నేను రెండు వేళ్ళతో నలిపి చెబుతాను. లిఖాపా వయసు 29. కిందటేడు రాజధాని మాసేరు నుంచి మా ఫ్యాక్టరీకి వచ్చింది. పువ్వు పట్టుకోవడం ఆమెకు నేర్పింది నేను. ఈ మే నెలలో మేనేజరు మోఖెలే గారు ఆమెను నూనె గదికి పెద్దను చేశారు. పువ్వు కడిగే స్పిరిట్ ఉంచే గది తాళంచెవి ఆమె మెడలో వేలాడుతుంది. నాకు థర్మామీటరు చూసి అంకె రాసే పని ఇచ్చారు.

జూలై 13 సోమవారం సాయంత్రం 4 గంటలకు లిఖాపా అందరి ముందు నా బుట్ట పక్కన పెట్టింది.

"అమ్మా, ఇది ఇంకో రెండ్రోజులు ఆగాల్సింది. భూతద్దంలో చూడు, పువ్వు మీద జిగురింకా తెల్లబడలేదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ కోస్తున్నానే పిల్లా. తాతకు దగ్గులు నేర్పుతున్నావా?" అన్నాను.

మోఖెలే గారు భూతద్దంలో చూసి, లిఖాపా చెప్పిందే నిజమన్నారు. అది నిజమే. అందుకే నా కడుపు మరీ మండింది.

స్పిరిట్ బాగా చల్లబడితేనే పువ్వు మీది మందును మాత్రం కడిగి తెస్తుంది. వెచ్చగా ఉన్నా, నీళ్ళు కలిసినా ఆకు పసరు కూడా దిగుతుంది. జూలై అంటే మా కొండల్లో నడి చలికాలం. ఈ రోజుల్లో డబ్బాలు గది వెనక రాతి అరుగు మీద పెట్టి పోతాం, తెల్లారేసరికి మంచు పని మంచు చేస్తుంది. ఆ సాయంత్రం 5.40కి లిఖాపా తన చేత్తో మూడు డబ్బాలు నింపి అరుగు మీద పెట్టింది. ఆమె అటు వెళ్ళగానే చలికి ఒంటి మీద కప్పుకున్న నా దుప్పటి తీసి వాటికి కప్పాను. పెళ్ళికి నా భర్త ఇచ్చిన కంకుల బొమ్మల దుప్పటి అది. దుప్పటి వెచ్చదనాన్నే కాదు, చలిని కూడా ఆపుతుందని మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. ఇంటికి పరుగెత్తాను.

మంగళవారం ఉదయం 6 గంటలకు వెళ్ళి తీశాను. పై మంచుకు దుప్పటి చెక్కలా బిగుసుకుపోయింది. భుజాన నిలవలేదు. కట్టెల వెనక దాచాను. థర్మామీటరు సున్నాకు మూడు కింద చూపింది. నేను మాత్రం ఉండాల్సిన అంకె, ఇరవై కింద అని రాశాను.

7 గంటలకు లిఖాపా వచ్చింది.

"ఎంతుందమ్మా?"

"ఇరవై కింద."

"నీ దుప్పటేదీ? ఈ మంచులో చస్తావా ఏంటి?"

తన దుప్పటి తీసి నాకు కప్పింది. తన పిన్నీసే పెట్టింది. ఆ దుప్పటి కప్పుకునే, ఆమె స్పిరిట్‌ను పూల మీద పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

9 గంటలకు నూనె ఆకుపచ్చగా దిగింది. మూడు వారాలు కోసిన పువ్వు పాడైపోయింది. శుక్రవారానికి ఆసుపత్రిలో పిల్లలకు అందాల్సిన మందు.

"స్పిరిట్ సారాకొట్టుకు అమ్ముకుని నీళ్ళు కలిపావు కదూ!" అని మోఖెలే గారు లిఖాపా మీద అరిచారు.

"కలపలేదయ్యా. చల్లదనం కూడా సరిగ్గానే ఉంది. అంకె అమ్మ చూసింది. అమ్మ తప్పు చూడదు" అంది లిఖాపా.

ఆయన నా వైపు తిరిగారు. ఇరవై కింద అన్నాను. ఇరవై కింద అని మళ్ళీ అన్నాను. 11 గంటలకు మీవాళ్ళు ఆమెను తీసుకెళ్ళారు.

ఆమె స్పిరిట్ అమ్మలేదు. నీళ్ళు కలపలేదు. నా దుప్పటి కట్టెల వెనకే ఉంది, వెళ్ళి చూసుకోండి. ఆమె అంటే నాకిప్పటికీ పడదు. అది కూడా రాయండి. నిన్నటి నుంచి ఆమె మీ గదిలో దుప్పటి లేకుండా ఉంది. ఆమెది ఇదిగో, నా ఒంటి మీదుంది. ముందు ఇది లోపలికి పంపండి అయ్యా, తర్వాత వేలిముద్ర వేస్తాను.

(దుప్పటి, పిన్నీసు లోపలికి పంపడమైనది.)

చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. నాకు అంకెలే వచ్చు, అక్షరాలు రావు.

మాకెలెబోనే, ఎడమచేతి బొటనవేలి ముద్ర